పుణెకు కూలి పనికి పోతే ఊళ్లో ఓటు తీసేయొచ్చా?

మీరు అడిగింది ఇది: ఊరు కోస్గి దగ్గర. అమ్మానాన్న పంట చేతికొచ్చాక గుంపు మేస్త్రీ వెంట పుణె వెళ్లి బిల్డింగ్ పనులు చేసి, వానాకాలం మొదట్లో తిరిగొస్తారు. ఇంట్లో నాయనమ్మ ఉంటుంది. ఈసారి ముసాయిదా ఓటర్ల జాబితాలో అమ్మానాన్నల పేర్లు లేవు. నాలుగేళ్ల కింద చనిపోయిన తాత పేరు మాత్రం అలాగే ఉంది. మిర్యాలగూడ దగ్గర అత్తగారింట్లో ఉన్న అక్కకు రెండు చోట్లా ఓటుంది. బీఎల్ఓను (బూత్ స్థాయి అధికారిని) అడిగితే "ఊళ్లో ఉండట్లేదని తీసేశారు" అన్నారు. ఇది చట్టప్రకారం సరైనదేనా, ఇప్పుడేం చేయాలి?

సరైనది కాదు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు పని కోసం వేరే రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన ఓటు పోదు. నేను రెవెన్యూ శాఖలో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం పాత నల్గొండ, పాలమూరు జిల్లాల్లోని ఎమ్మార్వో ఆఫీసుల్లో ఎన్నికల పని చూసే డిప్యూటీ తహసీల్దారుగానే గడిచింది. ఈ ఫిర్యాదు ఓటర్ల జాబితా ప్రతి సవరణలోనూ వచ్చేది, ప్రతిసారీ కూలికి పోయే ఇళ్ల నుంచే వచ్చేది.

ఓటు నమోదుకు 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం అడిగేవి ప్రధానంగా రెండే: అర్హత తేదీ నాటికి 18 ఏళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి అయి ఉండాలి. వీటితో పాటు భారత పౌరులై ఉండాలి, కోర్టు మతిస్థిమితం లేదని ప్రకటించి ఉండకూడదు, ఎన్నికల అక్రమాల కింద అనర్హత పడి ఉండకూడదు. వయసు లెక్క కాగితంతో తేలిపోతుంది. తగువంతా ఆ రెండో దాని దగ్గరే. అదే చట్టంలోని 20వ సెక్షన్ ఇక్కడ రెండు మాటలు స్పష్టంగా చెప్తుంది. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరు. అలాగే కొంతకాలం ఇంటికి దూరంగా ఉన్నంత మాత్రాన నివాసి కాకుండా పోరు.

ఈ రెండు మాటలనూ మన ఊళ్ల మీద పెట్టి చూడండి. మీ అమ్మానాన్నల పొయ్యి, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పెద్దామె, ఉన్న ఎకరమో రెండెకరాలో, అన్నీ ఊళ్లోనే. పుణెలో ఉన్నది సైటు దగ్గర రేకుల షెడ్డు. పని అయిపోతే ఆ షెడ్డూ ఉండదు. వాళ్లు సాధారణ నివాసులే. ఇక రెండో రకం మనిషి ఉంటాడు. వనస్థలిపురంలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఇల్లు కట్టుకొని ఇరవై ఏళ్లయింది. పిల్లల చదువులు, ఉద్యోగాలు అక్కడే. ఊళ్లో పెద్దల నాటి ఇల్లుంది, దసరాకు ఒకసారి, ఓటుకు ఒకసారి కారులో వస్తాడు. చట్టప్రకారం చూస్తే ప్రశ్నించాల్సింది ఈ రెండో ఆయన పేరును. కానీ ఆయన పేరు తీసేయమని అడిగే ఫారం 7 వేయడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం ఉండదు. కూలోళ్ల పేర్లు మాత్రం టకటకా పోతాయి. జాబితాలో అసలు వంకర ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చినా ఇది సరికాలేదు.

బీఎల్ఓను పూర్తిగా తప్పు పట్టలేను. చాలా ఊళ్లలో ఆమె అంగన్‌వాడీ టీచరో స్కూల్ టీచరో అయి ఉంటుంది. అసలు ఉద్యోగం ముగించుకొని ఇంటింటికీ తిరుగుతుంది. తలుపుకు తాళం కనిపిస్తుంది, లేదంటే సరిగా వినపడని ముసలామె అరుగు మీద ఉంటుంది. పక్కింటివాళ్లను అడిగితే "పుణె పోయిండ్రు" అంటారు. వాళ్లు చెప్పింది నిజమే. బీఎల్ఓ "నివాసం మారారు" అని రాసుకుంటుంది. అక్కడ ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది: మళ్లీ ఎప్పుడొస్తారు? "వానలు పడంగనే వస్తరు" అని జవాబు వస్తే అది తాత్కాలికంగా ఊళ్లో లేకపోవడం. "ఆడనే ఇల్లు తీసుకున్నరు, ఇంక రారు" అంటే అది మారడం. శిక్షణ తరగతుల్లో యాప్ ఎలా వాడాలో బాగా చెప్తారు కానీ ఈ ప్రశ్న దగ్గర ఎవరూ ఆగరు.

పేరు తీసేయడానికి ఒక పద్ధతి ఉంది. అదే నియోజకవర్గంలో ఓటరైన ఎవరైనా ఫారం 7 ఇవ్వొచ్చు. అలా వచ్చిన అభ్యంతరాలను ఫారం 10 అనే జాబితాలో రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. ఎవరు ఇచ్చారు, ఎవరి మీద ఇచ్చారు, కారణం ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. అది వెబ్‌సైట్‌లోనూ పెడతారు, పార్టీలకూ ఇస్తారు. కనీసం ఏడు రోజులు గడిచాకే నిర్ణయం తీసుకోవాలి. బీఎల్ఓ ఇంటికి వెళ్లి విచారించాలి. ఎవరి పేరు తీసేయాలనుకుంటున్నారో వాళ్లకు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్వో), అంటే మన దగ్గర సాధారణంగా ఆర్డీఓ, ఆర్డరు వేయాలి. ఎవరూ అడగకుండా అధికారులే తొలగించేటప్పుడు కూడా నోటీసు తప్పదు. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: ఒకసారి జాబితాలో ఉన్న పేరు పరిశీలన అయ్యాకే చేరిందని భావించాలి, దాన్ని తీసేయాలంటే ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం తగినంతగా ఇవ్వాలి.

గంపగుత్త ఫారాలకు అడ్డుకట్టగా ఎన్నికల సంఘం కొన్ని ఆదేశాలు ఇచ్చింది. పార్టీ తరఫు బూత్ ఏజెంటు రోజుకు పదికి మించి ఫారాలు బీఎల్ఓకు ఇవ్వకూడదు. ఒకే మనిషి ఐదుకు మించి పేర్ల మీద అభ్యంతరం చెప్తే, లేదా ఒక పోలింగ్ కేంద్రంలో తొలగింపులు రెండు శాతం దాటితే ఈఆర్వో స్వయంగా సరిచూడాలి. తెలిసి తెలిసి అబద్ధపు ఫారం ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. ఇంత ఉన్నా సర్పంచ్ ఎన్నికల ముందు ఫారం 7లు ఎందుకు పెరుగుతాయంటే, పంచాయతీ ఓటర్ల జాబితాను ఈ అసెంబ్లీ జాబితా నుంచే వార్డులవారీగా తీస్తారు. 2018లో తండాలు విడి పంచాయతీలయ్యాక ఓటర్లు తక్కువ, మెజారిటీలు ఇంకా తక్కువ. వలసపోయిన నాలుగు ఇళ్ల పేర్లు లేకుండా చేస్తే ఫలితమే తారుమారయ్యే చోట్లు ఉన్నాయి. కాబట్టి మీ విషయంలో ఇది నిర్లక్ష్యమా, ఎవరైనా కావాలని చేశారా అన్నది ఫారం 10 చూశాకే తేలుతుంది. అది చూడకుండా ఊళ్లో ఎవరి మీదా నింద వేయకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పోయినసారి తుది జాబితా, దాని అనుబంధాలు తీయండి. తీసేసిన పేర్ల పట్టికలో ప్రతి పేరుకూ ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. 'ఈ' అంటే చనిపోయారు, 'ఎస్' అంటే నివాసం మారారు, 'ఆర్' అంటే పేరు రెండోసారి వచ్చింది, 'ఎం' అంటే ఆచూకీ లేదు, 'క్యూ' అంటే అనర్హులు. మీ అమ్మానాన్నలకు 'ఎస్' ఉంటుందని నా ఊహ. అది చూసుకొని ఎమ్మార్వో ఆఫీసులో ఎలక్షన్ సెక్షన్‌కు వెళ్లి మూడు కాగితాలు అడగండి: ఫారం 7 నకలు, నోటీసు ఇచ్చినట్టు రుజువు, విచారణ నివేదిక. నోటిమాటగా కాదు, రాసిచ్చి రసీదు తీసుకోండి. నోటీసు ఎవరికి అందిందో చూడటం ముఖ్యం. చాలా ఫైళ్లలో "ఇంటికి తాళం, తలుపుకు అంటించాం" అని ఉంటుంది. మీ ఇంట్లో నాయనమ్మ ఉంది కదా, తాళం ఎక్కడిది? ఆ ఒక్క ప్రశ్నతోనే ఫైలు బలహీనపడుతుంది.

ఆర్డరు వచ్చి పదిహేను రోజులు దాటకపోతే కలెక్టరు దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. మీకు ఆర్డరే అందలేదు కాబట్టి ఆ మాటే అప్పీలులో మొదట రాయండి. దాంతో పాటు, అప్పీలు ఫలితం కోసం ఎదురు చూడకుండా, ఇద్దరికీ ఫారం 6 కూడా వేయించండి; జాబితాలో పేరు లేదు కాబట్టి కొత్తగా చేర్చుకోవడానికి ఇది. పుణె నుంచే ఫోన్‌లో వేయొచ్చు. పాత ఓటరు కార్డు నంబరు, రేషన్ కార్డు, జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జత చేయండి. ఊళ్లో నలుగురు ఇరుగుపొరుగు సంతకాలతో "ఏటా ఫలానా నెలలో పనికి వెళ్తారు, ఫలానా నెలలో వస్తారు, కుటుంబం ఇక్కడే ఉంది" అని పంచనామా రాయించి పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది. ముసాయిదా మీద అభ్యంతరాల గడువు ఇంకా ఉంటే ఇదంతా సులువు. తుది జాబితా వచ్చాక కూడా చేర్చుతారు కానీ ఎన్నిక నోటిఫికేషన్ వస్తే నామినేషన్ల చివరి రోజుతో తలుపు మూసుకుపోతుంది. ఆ ఏడు రోజుల నోటీసు గడువు లెక్కన దానికి పది రోజుల ముందే దరఖాస్తు పడి ఉండాలి.

ఒక్క జాగ్రత్త. మీ అమ్మానాన్నల పేర్లు పుణెలో ఎక్కడైనా చేరాయేమో ముందు కనుక్కోండి. సైటు దగ్గర ఎవరో వచ్చి ఆధార్ జిరాక్స్, ఫొటో తీసుకొని "ఓటు కార్డు ఇప్పిస్తాం" అంటే ఇచ్చి మరిచిపోయేవాళ్లు ఉంటారు. అలా అక్కడ చేరి ఉంటే ఇక్కడ తీసేయడం సబబే అవుతుంది. అప్పుడు ఎక్కడ ఉండాలో వాళ్లే తేల్చుకొని, చోటు మార్పుకు వాడే ఫారం 8 వేయాలి. 17వ సెక్షన్ ప్రకారం రెండు నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదు.

తాత విషయానికి వస్తే, చనిపోయినవాళ్ల పేర్లు మిగిలిపోవడానికి కారణం కుట్రల కంటే బద్ధకమే ఎక్కువ. ఎవరైనా పోయిన ఇంట్లో బీమా కోసం, పట్టా మార్పిడి కోసం కాగితాలు పట్టుకొని తిరుగుతారు కానీ ఓటు తీయించడానికి ఎవరు వెళ్తారు? మీ నాయనమ్మకు వితంతు పింఛను వస్తుంటే తాత మరణ ధ్రువపత్రం ఎప్పుడో పంచాయతీలో, ఎంపీడీఓ ఆఫీసులో చేరిపోయి ఉంటుంది. అక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఎమ్మార్వో ఆఫీసు జాబితాలో మాత్రం ఆయన ఇంకా ఓటరే. ఈ రెండు ఆఫీసుల రికార్డులు మాట్లాడుకోవు. మరణాల నమోదు వివరాలను రిజిస్ట్రార్ జనరల్ నుంచి నేరుగా తెప్పించుకుంటామని ఎన్నికల సంఘం 2025లో ప్రకటించింది. అది బాగా నడిచినా, ఇంట్లో చనిపోయి నమోదే కానివాళ్లు అందులోకి రారు. మీరే ఫారం 7 ఇచ్చి ధ్రువపత్రం జత చేయండి. ధ్రువపత్రం లేకపోతే బీఎల్ఓ విచారణ చేసి రాసుకుంటుంది. ఇంకో మాట, మీ అమ్మానాన్నల పేర్ల కోసం పోట్లాడుతూ తాత పేరు అలాగే ఉంచితే విచారణలో మీ మాటకు బరువు తగ్గుతుంది. ఈ ఫారం ముందు ఇవ్వండి.

అక్కది మన దగ్గర మహా మామూలు కేసు. పెళ్లై వెళ్లినప్పుడు అత్తగారి ఊళ్లో ఫారం 6 వేయిస్తారు, పుట్టింటి పేరు సంగతి చెప్పరు. ఇక్కడ తండ్రి పేరుతో, అక్కడ భర్త పేరుతో, ఇంటిపేరు మారి, వయసు కూడా ఏడాది అటూ ఇటూ పడి ఉంటుంది కాబట్టి కంప్యూటరు ఇద్దరు వేరే మనుషులనుకుంటుంది. 2022 ఆగస్టు నుంచి ఫారం 6 పూర్తిగా కొత్త ఓటర్లకే. ఊరు మారితే ఫారం 8. దాన్ని వేస్తే కొత్త చోట చేరడం, పాత చోట పోవడం ఒకే దరఖాస్తుతో అయిపోతాయి. అక్క ఇప్పటికే రెండు చోట్లా ఉంది కనుక పుట్టింటి పేరు మీద ఆమే ఫారం 7 వేసుకుంటే చాలు. భయపడాల్సిన పని లేదు, తనంతట తాను తీయించుకునేవాళ్ల మీద కేసులు పెట్టడం నేను చూడలేదు. రెండు చోట్లా ఓటు వేస్తే మాత్రం రెండూ చెల్లవు.

కంప్యూటరు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒకే పేరు, తండ్రి పేరు, వయసు ఉన్నవాళ్లను, ఒకే రకం ఫొటో ఉన్నవాళ్లను అది వెతికి జాబితా ఇస్తుంది. వెతకడానికి మంచిదే. కానీ పాలమూరులో ఒక్కో ఊళ్లో ఎందరు బాలమ్మలు, ఎందరు వెంకటయ్యలు ఉంటారో మీకు తెలుసు. తండ్రి పేర్లు కూడా కలిసిపోతాయి. అందుకే ఆ జాబితా పట్టుకొని ఇంటికి వెళ్లి చూడకుండా ఎవరినీ తీయకూడదు. ఆధార్‌తో కలిపి జాబితాను శుద్ధి చేస్తామని 2015 మార్చిలో మొదలుపెట్టిన కార్యక్రమం ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగిపోయింది. 2018 డిసెంబర్ 7న పోలింగ్ రోజున పాత కార్డులు చేతిలో పట్టుకొని వచ్చినవాళ్లు ఎంతోమంది పేర్లు లేక వెనక్కి వెళ్లారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆధార్ ఇవ్వడం ఇప్పటికీ ఐచ్ఛికమే. అది ఇవ్వలేదని పేరు తీయకూడదు, చేర్చకుండా ఉండకూడదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. 2022 నవంబర్ 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నికకు ముందు రెండు నెలల్లోనే పాతిక వేల దాకా కొత్త ఓటు దరఖాస్తులు వచ్చాయన్న వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ఎన్నికకు ముందు ఒక్క నియోజకవర్గంలో అన్ని దరఖాస్తులు కనిపిస్తే అనుమానం రావడం సహజం. వాటిని గుడ్డిగా చేర్చడమూ తప్పే. ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో, మఠంపల్లి వైపు, అలంపూర్ వైపు, నది అటూ ఇటూ రెండు ఓట్లున్నవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. 2018 డిసెంబర్‌లో ఇక్కడ, 2019 ఏప్రిల్‌లో అక్కడ అసెంబ్లీకి వేసిన వేళ్లు ఉంటాయి. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకే రోజు పోలింగ్ కావడంతో ఆ ఒక్క రోజుకు ఈ తలనొప్పి తప్పింది.

'ఇంటి నంబరు సున్నా' అని కనిపించగానే దొంగ ఓటని గోల చేసేవాళ్లున్నారు. తొందరపడకండి. నల్లమలలో చెంచుల పెంటల్లో, అంటే వాళ్ల చిన్న గూడేల్లో, ఊరి చివర గుడిసెల్లో పంచాయతీ నంబరే ఉండదు. అలాంటి చోట్ల అధికారులే ఒక ఊహా నంబరు వేస్తారు. ఇల్లే లేనివాళ్లకు కూడా ఓటుంది, బీఎల్ఓ రాత్రిపూట వెళ్లి వాళ్లు పడుకునే చోట చూసుకోవాలి. జడ్చర్ల దగ్గర ఉదండాపూర్, మర్రిగూడ మండలంలో చర్లగూడెం లాంటి రిజర్వాయర్ల కింద ఇళ్లు పోయే కుటుంబాలు పునరావాస కాలనీకి మారగానే ఫారం 8 వేసుకోవాలి. లేకపోతే తర్వాతి విచారణలో "ఇల్లు కనపడలేదు" అని రాసేస్తారు.

కొత్తగా పద్దెనిమిది నిండే మీ తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. పదిహేడు నిండగానే ముందస్తుగా వేసుకోవచ్చు.

పోలింగ్ రోజు సంగతి కూడా తెలుసుకోండి. మీ అమ్మానాన్నల పేర్లు తిరిగి చేరినా, ఆ సమయానికి పుణెలో ఉంటే వాళ్లను 'ఏఎస్‌డీ' జాబితాలో పెట్టే అవకాశం ఉంది, అంటే ఇంట్లో లేనివాళ్లు, మారినవాళ్లు, చనిపోయినవాళ్లు అని విడిగా రాసి ప్రిసైడింగ్ ఆఫీసరుకు ఇచ్చేది. అందులో పేరుంటే ఓటు లేదని ఏజెంట్లు వెనక్కి పంపిస్తారు. నమ్మకండి. అసలు జాబితాలో పేరుండి గుర్తింపు రుజువు చూపిస్తే ఓటు వేయనివ్వాల్సిందే. సంతకంతో పాటు వేలిముద్ర తీసుకుంటారు, డిక్లరేషన్ రాయిస్తారు, అంతే. ఒకవేళ అప్పటికే వాళ్ల పేరు మీద ఎవరైనా వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగండి. అది కాగితం బ్యాలెట్, విడిగా కవర్లో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు కానీ కేసు దాకా వెళ్తే సాక్ష్యం అవుతుంది.

ముసాయిదా ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లో వస్తుంది, తుది జాబితా జనవరిలో. కురుమూర్తి జాతర కూడా ఆ రోజుల్లోనే, దీపావళి దాటాక. పుణె, ముంబై వెళ్లినవాళ్లలో చాలామంది జాతరకు ఊరికి వస్తారు. ముసాయిదాను గ్రామసభలో చదివి వినిపించాలన్న ఆదేశం ఉంది, చాలా ఊళ్లలో పాటించరు. పంచాయతీ కార్యదర్శిని, బీఎల్ఓను పట్టుకొని ఆ నాలుగు రోజుల్లోనే మీ బూత్ జాబితా చదివించండి. తీసేసిన పేర్ల పట్టికతో సహా చదవమనండి. ఊరంతా ఉన్నప్పుడు చదివితే ఎవరు నిజంగా వెళ్లిపోయారో, ఎవరు పనికి మాత్రమే వెళ్లారో అక్కడికక్కడే తేలిపోతుంది, బీఎల్ఓకూ పని తగ్గుతుంది.

ఫారం 10లో మీ అమ్మానాన్నల పేర్ల పక్కన ఏ కారణం, ఏ తేదీ ఉన్నాయో చూసి ఇక్కడ రాయండి. అభ్యంతరం చెప్పినవాళ్ల పేరు మాత్రం బయటపెట్టకండి. ఆ తేదీని బట్టి అప్పీలు గడువు మిగిలిందో లేదో, ఏ మాటలతో రాయాలో చెప్తాను.